ఇసుక నడిచే దారిలో: ధవళేశ్వరం నుంచి భీమిలి దాకా

తీరం కోతకు గురవుతున్నదన్న వార్త మన పత్రికల్లో ఏటా కనిపిస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడల్లా ఉప్పాడలో కూలిన ఇళ్ళ ఫొటోలు, విశాఖలో బీచ్ రోడ్డు అంచున విరిగిపడిన గోడల ఫొటోలు అచ్చవుతాయి. సముద్రం ఇన్ని మీటర్లు ముందుకు వచ్చిందని వాటి కింద రాస్తారు. అది తప్పు కాదు గాని, అసలు సంగతి అంతటితో తేలదు. అల ఒడ్డును కొట్టడం ఇవాళ మొదలైంది కాదు. ఒక చోటి ఇసుకను అల తీసుకుపోయినా, దాని స్థానంలోకి మరొక చోటి నుంచి ఇసుక వచ్చి చేరుతున్నంత కాలం ఒడ్డు నిలబడే ఉంటుంది. ఆ రాక తగ్గిన నాటి నుంచి వెనక్కి జరుగుతుంది. కాబట్టి కోతను అర్థం చేసుకోవాలనుకునేవాడు కూలిన గోడ దగ్గరికి కాక, ముందుగా ఇసుక బయలుదేరే చోటికి వెళ్ళాలని నాకు చాలాకాలంగా అనిపిస్తూ వచ్చింది.

మన తూర్పు తీరంలో ఇసుక ప్రయాణానికి ఒక దిశ ఉంది. మార్చి నుంచి సెప్టెంబరు, అక్టోబరు దాకా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వచ్చే అలలు ఒడ్డును నేరుగా కాక ఏటవాలుగా తాకుతాయి. అల ఎక్కేటప్పుడు ఇసుకను కొంచెం ఉత్తరానికి తోస్తూ ఎక్కుతుంది. దిగేటప్పుడు తిన్నగా కిందికి లాగుతుంది. రేణువుకు ఒక్కో అలతో దక్కేది జానెడో బారెడో అయినా, అది రాత్రీపగలూ సాగేది గనుక ఏడాది తిరిగేసరికి లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఒడ్డు వెంట ఈశాన్యంగా నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి మారి కొంత ఇసుక దక్షిణానికి వెనక్కి వస్తుంది. మొత్తం మీద మిగులు మాత్రం ఉత్తరానికే. మేము ఆ మిగులు వెళ్ళే దారినే వెళ్ళదలచుకున్నాము. మేము అంటే నేనూ, నీటిపారుదల పనుల్లో జీవితమంతా గడిపి ఉద్యోగ విరమణ చేసిన మా అక్కగారి భర్తానూ. ఆనకట్టలనూ రాతి కట్టలనూ ఎవరైనా ఒక మాట అంటే బావగారు ఊరుకోరు. అందుకే ఆయన తోడు ఉండాలని నేను పట్టుబట్టాను.

మొదటి రోజు: ధవళేశ్వరం

పుష్య మాసం చివరి రోజులు. ఉదయపు మంచు విడిపోయే వేళకు రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం చేరాము. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 1982లో పూర్తయిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలను కలుపుకుంటూ మూడున్నర కిలోమీటర్ల పొడవున, 175 గేట్లతో అది నదికి అడ్డంగా సాగుతుంది. దాళ్వా నాట్ల కాలం కాబట్టి నీరంతా కాలువల్లోకి మళ్ళింది. గేట్ల దిగువన గోదావరి పాయలుగా చీలిపోయి, వాటి నడుమ ఇసుక మేటలు తెల్లగా మెరుస్తున్నాయి. ఇదే నది 1986 ఆగస్టులో ఈ చోటనే 35 లక్షల క్యూసెక్కుల వరదను మోసిందంటే, ఆ వరద చూడనివాళ్ళకు నమ్మబుద్ధి కాదు.

డెల్టా అంతా ఆ వరదలు పరిచిన నేలే. ధవళేశ్వరం దిగువన నది తూర్పున గౌతమిగా, పడమట వసిష్ఠగా చీలి, వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోయి సముద్రాన్ని చేరుతుంది. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ కొండల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రూ ఇసుకా ఈ పాయల గుండా కడలి అంచున పడి, అలలు వాటిని సర్ది, ఏటికేడు ఒడ్డును కాస్త కాస్త ముందుకు జరిపాయి.

బ్యారేజీ మీద నడుస్తూ బావగారు తన వాదన మొదలుపెట్టారు. తీరపు కోతకు కాటన్ ఆనకట్టను నిందించేవాళ్ళు వరదను చూడలేదని ఆయన అభిప్రాయం. వరద రోజుల్లో గేట్లన్నీ ఎత్తేస్తారు, నది తెచ్చే ఇసుకలో అధిక భాగం వచ్చేది ఆ కొద్ది రోజుల్లోనే, కాబట్టి అది ఇక్కడ ఆగదు. ఈ మాటలో న్యాయం ఉందని ఒప్పుకోవలసిందే. అసలు ఆగేది ఎగువన: ప్రధాన నది మీదా, ఉపనదుల మీదా కట్టిన పెద్ద జలాశయాల నిలవ నీటిలో వేగం తగ్గి ఒండ్రు అడుగుకు దిగిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు కృష్ణా, గోదావరి డెల్టాల మీద చేసి 2010లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, గోదావరి నీటిలో తేలుతూ వచ్చే ఒండ్రు 1970ల దశకంలో ఏడాదికి 15 కోట్ల టన్నులుండగా, 2000-2006 నాటికి 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయింది. ఆ మధ్యకాలంలో నది నీటి పరిమాణంలో పెద్ద మార్పు లేకపోవడం గమనించవలసిన విషయం. నీరు వస్తున్నది, అది మోసుకు రావలసిన సరుకు మాత్రం దారిలో దిగిపోతున్నది.

కృష్ణ సంగతి ఇంకా దారుణం. 1960ల చివర ఏడాదికి 90 లక్షల టన్నులున్న ఒండ్రు 2000-2005 నాటికి 4 లక్షల టన్నులైంది. నాగార్జున సాగరం, శ్రీశైలం ఉన్న నదికి అంతకంటే మిగలదు. ఈ అంకెలు చదివి వినిపిస్తే బావగారు కాసేపు నది వైపే చూసి, సాగరం లేకపోతే పల్నాడు తినేదేమిటని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, ఉండాలని కూడా నేను అనుకోను, రెండూ నిజాలే. దిగువన ఇసుక ర్యాంపులో లారీలు బారులు తీరి ఉన్నాయి. జలాశయాలు దాటి వచ్చిన ఇసుకలో కొంత ఇటు నుంచి ఇటే ఇళ్ళ స్లాబుల్లోకి పోతుంది. దాని గురించి మాత్రం ఆయన ఏమీ వాదించలేదు.

రెండవ రోజు: అంతర్వేది

రావులపాలెం దాటి కోనసీమలోకి దిగాక, రాజోలు మీదుగా సఖినేటిపల్లి వైపు వెళ్ళే దారిలో జాగ్రత్తగా చూసేవారికి ఒక క్రమం కనిపిస్తుంది. పొడవాటి ఇసుక మెరక, దాని మీద కొబ్బరి తోటలు, ఊరు, గుడి. ఆ వెంటనే పల్లపు వరి చేలు. మళ్ళీ ఒక మెరక, మళ్ళీ కొబ్బరి. ఈ మెరకలు దాదాపు నేటి ఒడ్డుకు సమాంతరంగా, ఒకదాని వెనుక ఒకటిగా లోపలికి ఎంతో దూరం కనిపిస్తాయి. వీటిలో ప్రతిదీ ఒక కాలపు సముద్రతీరమే. సుమారు ఆరేడు వేల ఏళ్ళ కిందట సముద్ర మట్టం ఇంచుమించు ఇప్పటి స్థాయికి వచ్చి నిలకడ చెందినప్పుడు ఒడ్డు చాలా లోపల ఉండేది. ఇప్పుడు కడలికి ఎంతో దూరాన మంచినీటి సరస్సుగా ఉన్న కొల్లేరు, ఆ రోజుల్లో తీరాన్ని అంటి ఉన్న ఉప్పునీటి కయ్య. అప్పటి నుంచి రెండు నదులూ కలిసి కడలిని వెనక్కి నెట్టుకుంటూ వచ్చాయి. అంటే మనం కోత అంటున్నది ఇక్కడ ఆరు వేల ఏళ్ళ ధోరణి తలకిందులు కావడం.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. భీష్మ ఏకాదశి నాటికి ఇక్కడ నిలబడడానికి చోటు దొరకదు. దర్శనం చేసుకొని, లైట్‌హౌస్ దాటి, వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాము. గట్టు అని పేరే గాని అది నిలకడగా ఉండేది కాదు. నది నీరూ కడలి నీరూ ఎదురుపడే చోట ఇసుక పోగుపడి, పాటు వేళ తేలి, పోటు వేళ మునిగే తిన్నె అది. దాని ఆకారం ఏడాదికొక రకంగా ఉంటుందని స్థానికులు చెబుతారు.

పల్లిపాలెం వైపు ఒడ్డు వెంట నడిచినప్పుడు కోత గుర్తులు తెలిశాయి. సరుగుడు చెట్లు వేళ్ళు బయటపడి సముద్రం వైపు వాలి ఉన్నాయి, కొన్ని పూర్తిగా పడిపోయి మొదళ్ళు మాత్రం ఇసుకలో నిలిచాయి. ఒడ్డు ఏటవాలుగా కాక, నిలువుగా కోసిన గట్టులా ఉంది. ఏటవాలు ఒడ్డు ఇసుక చేరుతున్నదానికి గుర్తు. నిలువు గట్టు పోతున్నదానికి గుర్తు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను పలకరిస్తే, "మా చిన్నప్పుడు గుడిసెల ముందు నుంచి నీళ్ళ దాకా నడిచేసరికి కాళ్ళు కాలిపోయేవండీ, ఇప్పుడు గుమ్మంలో కూర్చుంటే తుంపర పడతందండి," అని, చేతితో అలల అవతల ఒక చోటు చూపించారు. వాళ్ళ పాత ఇల్లు అక్కడ ఉండేదట. అక్కడ ఒక పడవ లంగరు వేసి ఉంది.

నిన్న చెప్పిన అధ్యయనమే ఈ ఒడ్డు లెక్కను కూడా తేల్చింది. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్ళలో రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో, మేట వేసిన నేలను మినహాయించగా, నికరంగా కోల్పోయింది 76 చదరపు కిలోమీటర్లు. మన కొలతలో దాదాపు 19 వేల ఎకరాలు. 1990కి ముందు ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లున్న నష్టం ఆ తరువాతి దశకంలో 2.32కు పెరిగింది. ఇందులో నది తేవడం మానిన ఒండ్రుతో పాటు నేల కుంగుదలకూ భాగం ఉంది. డెల్టా నేల గట్టి రాయి కాదు. నీటితో నిండిన మెత్తటి మట్టి తన బరువుకు తానే అణగుతూ కిందికి దిగుతుంది. పైన కొత్త ఒండ్రు పరుచుకుంటున్నంత కాలం ఆ కుంగుదల బయటికి తెలియదు. కోనసీమలో చమురు, సహజవాయువు తోడడం వల్ల అది ఇంకా పెరుగుతున్నదని ఈ ఊళ్ళవాళ్ళు గట్టిగా నమ్ముతారు. ఆ వాటా ఎంతన్న దాని మీద నిపుణుల మధ్య వాదం నడుస్తూనే ఉంది.

పంటు ఎక్కి నర్సాపురం వైపు ఒకసారి వెళ్ళి వద్దామని బావగారు అన్నారు గాని, పొద్దు వాలింది.

మూడవ రోజు: చొల్లంగి, కోరంగి, హోప్ ఐలాండ్

ఆ రోజు చొల్లంగి అమావాస్య. అమలాపురం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా వచ్చేసరికి చొల్లంగిలో సముద్ర స్నానాలకు వచ్చిన జనంతో దారి నిండిపోయి ఉంది. సప్తసాగర యాత్ర చేసేవారు ఇక్కడ తుల్యభాగ సంగమంలో మునిగి బయలుదేరి, ఆత్రేయ, గౌతమి మొదలైన పాయల సంగమాలలో వరుసగా స్నానాలు చేస్తూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరుతారు. మేము వచ్చింది వాళ్ళకు ఎదురు దిక్కున. ఏడు పాయలలో కొన్ని ఇప్పుడు చిన్న కాలువలుగా మిగిలాయి, కొన్నింటిలో వేసవికి ధార కూడా కనిపించదు. డెల్టా నది ఒక మొగను, అంటే సముద్రంలో కలిసే నోటిని, విడిచి మరొక మొగ వెతుక్కోవడం సహజమే. విడిచిన మొగ దగ్గర ఒడ్డుకు ఇసుక అందక కోత మొదలవుతుంది, కొత్త మొగ దగ్గర నేల పెరుగుతుంది. ఆ పాత సంగమాలకు ఏటేటా నడిచి వెళ్ళే యాత్ర ఒకటి మనకు ఉండడం నాకు విశేషంగా తోచింది.

కోరంగి ఒకనాడు పేరున్న రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది, ఆ తరువాత అది కోలుకోలేదు. ఇప్పుడక్కడ ఉన్నది మడ అడవి. చెక్క వంతెన మీద నడుస్తూ చూస్తే, బురదలో నుంచి పైకి పొడుచుకొచ్చిన మడ చెట్ల ఊపిరి వేళ్ళ మధ్య నీరు కదలక నిలిచి ఉంటుంది. నిలిచిన నీరు తనలోని ఒండ్రును అక్కడే దించుతుంది. ఒడ్డును కాపాడేందుకు మనిషి పేర్చిన రాళ్ళన్నింటికంటే ఈ వేళ్ళ పని నయమని నా అభిప్రాయం. అయితే మడ చెట్టు బురద నేలకే గాని, అలలు విరుచుకుపడే ఇసుక ఒడ్డుకు పనికిరాదు. ఎక్కడ కోత కనిపిస్తే అక్కడ మడ నాటమనే సలహాలు వింటున్నప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మధ్యాహ్నం కాకినాడ నుంచి పడవలో హోప్ ఐలాండ్ వైపు వెళ్ళాము. గౌతమి మొగ నుంచి బయటపడిన ఇసుకను అలలు ఉత్తరానికి నడిపించగా ఏర్పడిన 16 కిలోమీటర్లకు పైబడిన సన్నని ఇసుక తిన్నె అది. దాని కొస హోప్ ఐలాండ్. తిన్నెకూ నేలకూ మధ్య కాకినాడ అఖాతం ప్రశాంతంగా ఉంటుంది. ఓడలు లంగరు వేసేదీ, కాకినాడ రేవు పట్టణమైందీ ఈ తిన్నె చాటునే. తుపానులు వచ్చినప్పుడు నగరానికి మొదటి దెబ్బను కాచేది కూడా ఇదే. తాబేళ్ళు గుడ్లు పెట్టేది దాని బయటి ఒడ్డున. పడవ నడిపే కుర్రవాడు తిన్నె కొస తన తండ్రి రోజుల్లో ఇంత ఉత్తరాన లేదని చెప్పాడు. గత శతాబ్దిన్నరగా పటాలు చూపేదీ అదే. ఈ తిన్నె ఇంత ఇసుకను పట్టి ఉంచుకున్నదంటే, దీనికి ఉత్తరాన ఎవరికో అంత ఇసుక అందకుండా పోయిందన్నమాట. ఆ ఊరే మరునాటి మజిలీ.

నాలుగవ రోజు: ఉప్పాడ

అమావాస్య మరునాటి పోటు పెద్దది. మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా మామూలుగా రెండు మీటర్ల లోపే అయినా, ఒడ్డుకూ ఇంటి గుమ్మానికీ మధ్య అంత ఎత్తు కూడా లేని చోట అది చాలు. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు మీద ఉదయమే బయలుదేరాము. సముద్రం వైపు పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి ఉన్నాయి. వాటిలో కొన్ని అలలు ఎత్తి విసిరినట్టు రోడ్డు మీదనే పడి ఉన్నాయి. కొన్నిచోట్ల తారు కింద మట్టి కొట్టుకుపోయి, పైపొర మాత్రం చూరులా ముందుకు వేలాడుతున్నది. ఈ రోడ్డును బాగుచేయడం, తుపాను రాగానే అది తెగడం ఇక్కడివారికి అలవాటైన సంగతి.

ఉప్పాడ పేరు వినగానే బయటివారికి జామ్దానీ చీర గుర్తుకు వస్తుంది. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఊరిలో నేతవారి వీధుల నుంచి మత్స్యకారుల వీధుల వైపు నడిస్తే, ఒడ్డు దగ్గర పడేకొద్దీ ఇళ్ళ వెనుక భాగాలు లేకపోవడం కనిపిస్తుంది. ముందు గది ఉంటుంది, వంటిల్లు ఉండదు. గచ్చు మధ్యలో తెగి ఉంటుంది. ఇటుక గోడలు, నూతి ఒరలు, మెట్లు అలల్లో పడి ఉంటాయి. సూరాడపేట, మాయాపట్నం, సుబ్బంపేట, కోనపాపపేట వంటి చుట్టుపక్కల పల్లెలన్నీ ఇదే భయంలో బతుకుతున్నవే. ఇల్లు పోయిన ఒక అమ్మను పలకరించాను. "మూడు సార్లు కట్టుకున్నామండి. ఒక్కోసారి ఒక్కో వీధి వెనక్కొచ్చాం. ఇంక వెనక వీధుల్లో జాగా లేదు," అని ఆమె మామూలుగా, బియ్యం ధర చెప్పినట్టు చెప్పారు. ఇక్కడివారికి కావలసింది వేటకు పోయే ఒడ్డు దగ్గర ఇల్లు. రెండు మైళ్ళ దూరాన కాలనీ ఇస్తే, తెల్లవారుజామున పడవ దగ్గరికి రావడం, వచ్చిన చేపను ఆరబెట్టడం, వలలు దాచుకోవడం ఎట్లాగన్నది వారి ప్రశ్న.

కోతకు ఉప్పాడే ఎందుకు ఇంతగా గురైంది? పరిశోధకులు చెప్పే కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడినవి. మొదటిది, నిన్న చూసిన తిన్నె. గౌతమి ఇసుకలో చాలా భాగం ఆ తిన్నె పెరుగుదలకే ఖర్చవుతుంది, మిగిలింది లోతైన నీటిలో పడిపోతుంది. అఖాతం నోటిని దాటి ఉప్పాడ చేరేది స్వల్పం. రెండవది, దక్షిణం నుంచి వచ్చే అలలు తిన్నె కొస చుట్టూ వంగి తిరిగి, దాని నీడ ముగిసే చోట ఒడ్డును పట్టుకుంటాయి. ఆ చోట ఉప్పాడ ఉంది. తిన్నె కాకినాడకు గొడుగు పడితే, ఆ గొడుగు అంచు నుంచి కారే నీరు ఉప్పాడ మీద పడుతున్నట్టే. మూడవది, రేవు కోసం కట్టిన అలల అడ్డుగోడలూ, ఓడల దారి కోసం చేసే పూడికతీతా కలిసి, ఆ కాస్త ఇసుకనూ మధ్యలోనే పట్టివేయడం. 1990ల చివర లోతు నీటి రేవు వచ్చాక ఈ చివరి కారణం బలపడింది. నదిలో ఒండ్రు తగ్గడం వీటన్నింటి వెనుకా ఉన్నదే. వీటిలో ఏ ఒక్కదానినో దోషిగా నిలబెట్టడం తేలిక గాని, అట్లా చేస్తే మిగతావి మరుగున పడతాయి.

ఇక రక్షణ గోడ దగ్గర బావగారు ఆగిపోయారు. 2010 ప్రాంతంలో ఇక్కడ జియోట్యూబ్ పద్ధతిలో కట్ట వేశారు: గట్టి నేత గుడ్డతో చేసిన పొడవాటి గొట్టాలలో ఇసుక నింపి, వరుసగా పేర్చి, పైన రాళ్ళ బుట్టలు పరచడం. తరువాతి తుపానులకు అది దెబ్బతిని, గుడ్డ చిరిగి, లోపలి ఇసుక జారిపోయింది. ఇప్పటికీ నల్లని గుడ్డ పీలికలు రాళ్ళ సందుల్లో వేలాడుతుంటాయి. రాళ్ళు ఇంకా పెద్దవి వేసి ఉండవలసిందని బావగారు మొదట అన్నారు. కాని పోటు పూర్తిగా ఎక్కాక గోడ పక్కన గంటసేపు నిలబడి చూసిన తరువాత ఆయనే దాన్ని వివరించడం మొదలుపెట్టారు. ఏటవాలు ఇసుక ఒడ్డు మీద అల పరుగెత్తి, ఇసుకలో ఇంకి, బలం కోల్పోయి వెనుదిరుగుతుంది. నిలువు గోడను కొట్టిన అల ఆ బలంతోనే వెనక్కి తన్నుతుంది. గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వుతుంది. గోడ ముందు నీరు లోతవుతుంది, లోతైన నీటిలో ఇంకా పెద్ద అల విరగకుండా గోడ దాకా రాగలుగుతుంది. చివరికి రాళ్ళు తాము తవ్వించిన గోతిలో తామే కూలుతాయి. పైగా, గోడ వెనుక ఉన్న నేల అలకు ఇసుక ఇవ్వడం మానేస్తుంది కాబట్టి, గోడ ముగిసిన చోట నుంచి ఉత్తరం వైపు కోత ఎక్కువవుతుంది. గోడ ఉన్నంత మేర ఇళ్ళు నిలుస్తాయి, పక్క పల్లె మూల్యం చెల్లిస్తుంది. పక్క పల్లె గోడ అడుగుతుంది.

అట్లాగని గోడ వద్దని నేను రాయలేను. వంటిల్లు పోయిన ఇంటి ముందు నిలబడి ఇసుక చలన సూత్రాలు చెప్పడం సభ్యత కాదు. కొన్నాళ్ళ పాటు ఊరిని నిలబెట్టడానికి రాయి కావాలి. ఆ కొన్నాళ్ళలో ఇసుకను తెచ్చి పోసే ఏర్పాటు జరగకపోతే మాత్రం ఆ రాయి కూడా వృథా.

తుపాను వెలిసిన రోజున ఇక్కడ మరొక దృశ్యం ఉంటుంది. 2020 నవంబరులో నివర్ తుపాను తరువాత ఒడ్డున చిన్న చిన్న బంగారు రవ్వలు దొరికాయని విని జనం దువ్వెనలతోనూ, చిల్లుల గిన్నెలతోనూ ఇసుకను జల్లించిన సంగతి దేశమంతా వార్త అయింది. పాత గుళ్ళూ ఇళ్ళూ మునిగిన చోటు కాబట్టి కడలి వాటిలోని బంగారాన్ని కొంచెం కొంచెంగా తిరిగి ఇస్తున్నదని ఊరివారు అంటారు. మేము వెళ్ళిన నాడు ఎవరూ ఏమీ వెతకడం లేదు.

ఐదవ రోజు: విశాఖపట్నం

తుని దాటాక తూర్పు కనుమలు సముద్రానికి దగ్గర పడతాయి, తీరం స్వభావం మారిపోతుంది. డెల్టాలో ఉన్న మెత్తటి, పల్లపు ఒడ్డు స్థానంలో ఖొండలైట్ రాతి కొండలు కడలిలోకి పొడుచుకొస్తాయి, రెండు కొండల నడుమ వంపులో ఇసుక నిలుస్తుంది. డాల్ఫిన్స్ నోస్ అటువంటి కొండే. అల ముందు కొండను కొడుతుంది. రాయి కూడా అరుగుతుంది, అయితే మనిషి జీవితంలో తెలిసేంత వేగంగా కాదు.

రేవు కట్టేనాటికే ఇక్కడి ఇంజినీర్లకు ఇసుక నడక గురించి బాగా తెలుసు. 1933లో ప్రారంభమైన రేవు ముఖద్వారం ఇసుకతో పూడిపోకుండా, రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి, వాటి చాటున దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆగేట్టు చేశారు. 1970లలో బయటి హార్బరు కట్టినప్పుడు పొడవాటి అడ్డుగోడలు వచ్చాయి. దక్షిణపు గోడ దగ్గర ఇసుకను పట్టే లోతైన గొయ్యి ఉంది. ఏటా డ్రెడ్జర్లు దాన్ని తోడి, అవతలి వైపున రామకృష్ణా బీచ్ ఒడ్డుకు చేర్చాలి. అలలు చేయవలసిన పనిని యంత్రంతో చేయించడం ఇది. ఆ పని సకాలంలో జరిగిన ఏడాది బీచ్ వెడల్పుగా ఉంటుంది, ఆలస్యమైన ఏడాది కోస్టల్ బ్యాటరీ నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం వైపు ఒడ్డు సన్నబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీదనే తీరం దాటింది. ఆ తరువాతి నెలల్లో బీచ్ బాగా కోసుకుపోయి, రోడ్డు అంచు దాకా అలలు వచ్చాయి.

చెన్నైలో మెరీనా బీచ్‌ను మెచ్చుకునే మనవాళ్ళు చాలామందికి అది రేవు కట్టాక పేరుకున్న ఇసుక అని తెలియదు. రేవు గోడకు దక్షిణాన మెరీనా పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు కోసుకుపోయింది. విశాఖలో అంత జరగకపోవడానికి కారణం తోడిపోసే ఏర్పాటే. బావగారికి ఈ సంగతి బాగా నచ్చింది. సాయంత్రం జలాంతర్గామి ఎదుట గట్టు మీద కూర్చొని, ఉప్పాడకు ఇదే పని చేయాలంటే ఎన్ని ఘనపు మీటర్లు కావాలో, ఏటా ఖర్చెంతో చీటీ మీద లెక్క వేశారు. ఒక్కసారి పోస్తే చాలదు, ఏటా పోయాలి. శంకుస్థాపన ఫలకం పెట్టుకోవడానికి వీలు లేని పని కాబట్టి దానికి డబ్బు రావడం కష్టమని ఆయన అనుభవం మీద అన్నారు.

జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు చేసిన పరిశీలనలో ఆంధ్రప్రదేశ్ తీరంలో సుమారు 29 శాతం కోతలో ఉన్నట్టు, దాదాపు సగం మేట వేస్తున్నట్టు తేలింది. దేశం మొత్తానికి కోతలో ఉన్న తీరం 33.6 శాతం. ఈ అంకెలు చూసి మనది మేలనుకునే ప్రమాదం ఉంది. మేట వేసే చోట సాధారణంగా ఊరు ఉండదు. ఏ ఊరూ లేని తిన్నె కొస పెరిగినంత మాత్రాన ఉప్పాడలో పోయిన వీధి తిరిగి రాదు.

ఆరవ రోజు: మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

భీమిలి రోడ్డులో తొట్లకొండ కింద మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. పాటు వేళకు వెళ్ళడం వల్ల దాని కింద దాకా నడవగలిగాము. రాతిలో బలహీనమైన పొరలను అల ముందు తినేస్తుంది, గట్టివి నిలుస్తాయి. ఏదో ఒక నాడు పై కప్పు కూలి, రెండు స్తంభాలు మిగులుతాయి, ఆ తరువాత అవీ పోతాయి. ఫొటోల కోసం దాని మీదికి ఎక్కేవారు ఆ నాటిని దగ్గరికి తెస్తున్నారు.

ఎర్రమట్టి దిబ్బలు మరికొంత దూరంలో ఉన్నాయి. చివరి మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువగా ఉండేది. నేడు నీటి కింద ఉన్న విశాలమైన ఇసుక మైదానం అప్పుడు ఎండలో ఉండేది. గాలి ఆ ఇసుకను ఎగరవేసి, కొండల పాదాల దగ్గర దిబ్బలుగా పోసింది. కాలక్రమాన ఇనుపధాతువు రేణువులకు పట్టి ఎరుపెక్కింది. ఆ తరువాత వానలు దిబ్బలను నిలువునా కోసి, ఇరుకైన గెడ్డలుగా, పదునైన అంచులుగా మలిచాయి. ఇటువంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ తప్ప దక్షిణాసియాలో అరుదు. భౌగోళిక వారసత్వ ప్రదేశంగా గుర్తించిన చోటు ఇది. దీన్ని చదును చేసి కట్టడాలకు వాడుకోవాలనే ప్రయత్నాలు అప్పుడప్పుడు బయటపడి ఆందోళనలు జరుగుతుంటాయి.

గెడ్డలో దిగి నడుస్తుంటే కాళ్ళ కింద ఎర్ర ఇసుక మెత్తగా జారుతుంది. ప్రతి వానకూ కొంత ఇసుక ఈ దారినే ఒడ్డుకు చేరి, అలలో కలిసి ఉత్తరానికి బయలుదేరుతుంది. ఇక్కడ కోత నష్టం కాదు. ఒడ్డుకు అందవలసిన కొత్త ఇసుక ఇదే. కోత అనగానే ఆపాలనుకునేవారు ఈ గెడ్డల నోళ్ళు కూడా మూసేస్తారేమోనని నాకు భయం.

భీమిలిలో డచ్చివారి సమాధులను దాటి గోస్తనీ నది మొగ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎగువన తాటిపూడి జలాశయం ఉన్న ఈ చిన్న నదికి ఎండాకాలంలో కడలిని చేరే బలం ఉండదు. అలలు ఇసుక పోసి మొగను మూసేస్తాయి. లోపల పడవలు కట్టుకున్నవారు అట్లాంటప్పుడు పారలతో దారి తవ్వుకుంటారని అక్కడ కూర్చున్న మత్స్యకారులు చెప్పారు. తవ్విన ఇసుక ఎటు వైపు పోస్తారని బావగారు అడిగారు. వారిలో పెద్దాయన ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసి, "ఉత్తరం పక్కకే కదండీ, ఇటేస్తే నాలుగు రోజుల్లో మళ్ళీ మొగలోకే వచ్చేస్తది," అన్నారు.